మూడు రోజుల పథ్యం

ముప్పై నాలుగేళ్లకు రిటైరయ్యానంటే జనం రెండు రకాలుగా చూస్తారు. ఎక్కడో భూమి కలిసొచ్చిందని కొందరు, ఏదో చేసి దొరికిపోయాడని కొందరు. రెండూ కాదు. మా ల్యాబ్ మూతపడింది. మొయినాబాద్ చౌరస్తా దాటి కొంచెం లోపలికి, మిర్చి బజ్జీల బండికి ఎదురుగా ఉండేది. ఆ బండి మనుషుల్ని తయారు చేసి పంపేది, మేము పరీక్షలు చేసేవాళ్లం. అలా చాలా ఏళ్లు కలిసి పనిచేశాం.

పదకొండేళ్లు ఇంటింటికీ తిరిగి రక్తం తీశాను. ఇప్పుడు గులాబీ మొక్కల నర్సరీ నడుపుతున్నాను. మొక్కలతో ఒక సుఖం ఉంది, పరీక్షకు ముందు అవి పథ్యం చేయవు.

ఈ పనిలో కొత్తగా చేరుతున్నవాళ్లు కొందరు, "అన్నా, పని ఎట్లుంటది" అని అడుగుతున్నారు. ట్యూబు మూత రంగులు, ఐసు పెట్టె, టార్గెట్లు మీకు ట్రైనింగులో చెప్తారు. నేను చెప్పేది అక్కడ చెప్పనిది. ఎక్కువ భాగం నా తప్పు గురించే.

నరం దొరకడం

మా హెడ్ టెక్నీషియన్ ఖాదర్ భాయ్ మొదటి మూడు నెలలు నన్ను సూది ముట్టనివ్వలేదు. పెట్టె మోయడం, చూడటం, అంతే నా పని. "ముందుగాల మనిషి ముఖం చూడు, తర్వాత చెయ్యి చూడు" అనేవాడు. నాకది వేదాంతంలా అనిపించింది. నాలుగో నెలలో చిల్కూరు దగ్గర పూలమ్మే ఒక అవ్వకు నేనే మొదటిసారి రక్తం తీయబోయాను. మూడుసార్లు గుచ్చినా చుక్క రాలేదు. అవ్వ ఓపికగా చెయ్యి చాపుకునే కూర్చుని, "ఏం బిడ్డ, బోరు ఏస్తున్నవా? ఇంకా నీళ్లు పడలే?" అని అడిగింది. అప్పుడు ముఖం చూశాను. పొద్దుటినుంచి నీళ్లు కూడా తాగలేదట. ఉపవాసమంటే నీళ్లు కూడా తాగొద్దనుకుంది. రెండు గ్లాసుల నీళ్లిచ్చి కాసేపు కూర్చోబెడితే నరం దానంతటదే పైకి తేలింది. ఖాదర్ భాయ్ చెప్పింది వేదాంతం కాదు, పని సూత్రమని ఆ రోజు తెలిసింది.

నేను చేరినప్పుడు మా రక్త నమూనాల సంచిలో ఎక్కువగా జ్వరాలే. వానలు పడితే టైఫాయిడ్, మలేరియా, డెంగీ. వానలు తగ్గితే అవీ తగ్గేవి. చూస్తుండగానే సంచి మారిపోయింది. షుగర్, కిడ్నీ, కొవ్వు. జ్వరాలకు సీజనుండేది, వీటికి లేదు. సంక్షేమ పథకంలా ఏడాది పొడుగునా నడిచేవి.

అమ్మినాయన, కొన్నాయన

ఆధునిక జీవితం మనుషుల్ని సోమరుల్ని చేసిందని చాలామంది రాస్తారు. నాకు సోమరులు పెద్దగా కనబడలేదు. కూర్చుని చేసే పనుల్లో తెగ కష్టపడుతున్నవాళ్లే కనబడ్డారు.

హిమాయత్‌నగర్ నర్సింలు బాపును చూడండి. సిటీలోది కాదు, మొయినాబాద్ పక్కన ఊరు. ఒకప్పుడు క్యారెట్, పాలకూర, టమాట పండించేవాడు. తెల్లారేసరికి కూరగాయలు కోసి మార్కెట్ బండెక్కించేవాడు. రోడ్డు వెడల్పయ్యాక చుట్టూ లేఅవుట్లు వచ్చాయి. ఆయన భూమి కూడా ఒకదాంట్లో కలిసింది. తర్వాత ఊళ్లో సగంమంది చేసినట్టే ఆయనా ప్లాట్లు చూపించే పనిలోకి దిగాడు. ఉదయం నుంచి సాయంత్రం దాకా కారులోనే. ప్లాటు హద్దురాయి దాకా కారు పోతుంది. అద్దం దించి, వేలు చాపి, "గదే" అంటాడు. అద్దం ఎక్కిస్తాడు. వ్యవసాయంలో ఆయన నడిచిన నడకంతా పోయి ఆ వేలు ఒక్కటి మిగిలింది.

దానికి తోడు చాయ్. మా దిక్కు భూమి మాట చాయ్ మీదే నడుస్తుంది. కొనే పార్టీ వస్తే చాయ్, మాట కుదిరితే చాయ్, చెడితే మళ్లీ అతకడానికి చాయ్. వద్దన్నామంటే కాగితాల్లో ఏదో తిరకాసు ఉందని అవతలివాళ్లకు అనుమానం. చక్కెర లేకుండా అడిగితే మనిషికేదో రోగముందనీ, తొందర మీద అమ్ముతున్నాడనీ అనుమానం. అందుకని బాపు అందరితో సమానంగా తీపి చాయ్ తాగేవాడు. అది రుచి కోసం కాదు, నమ్మకం కోసం.

ఇటు మోకిలలో వెంకట్రావు గారు. కోస్తా నుంచి వచ్చి పాతికేళ్లయింది, సాఫ్ట్‌వేర్. కుర్చీలోనే తెల్లారి కుర్చీలోనే పొద్దుగూకుతుంది. చేతికున్న గడియారం అడుగులు లెక్కపెడుతుంది. "నిన్న పదివేలు దాటాయండి" అని నాకు చూపిస్తుంటే, లోపలి నుంచి ఆయన భార్య, "ఫోన్లో మాట్లాడుతూ చెయ్యి ఊపితే పడినవి అవి" అంది. ఆయన గడియారం విప్పి బల్ల మీద పెట్టి చెయ్యి చాపాడు.

నర్సింలు బాపు లాంటివాళ్లు అమ్మారు, వెంకట్రావు గారి లాంటివాళ్లు కొన్నారు. అమ్మినాయనకూ షుగర్ వచ్చింది, కొన్నాయనకూ వచ్చింది. భూమి ఎవరి పక్షమూ వహించలేదు.

నా మంచితనం

పొద్దున తినకముందు చేసే షుగర్ పరీక్షకు మా ల్యాబ్ రూలు ఒకటే. ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి, రేపు వస్తున్నాం, తినొద్దు అని చెప్పాలి. ఒకసారి నర్సింలు బాపు భార్య లక్ష్మమ్మ నన్ను గట్టిగానే కోప్పడింది. ఇంట్లో చుట్టాలుండగా ఊడిపడ్డానట, జర ముందుగాల చెప్తే ఏం పోయిందట. నిజమే కదా అనుకున్నాను. అప్పటినుంచి అందరికీ మూడు రోజుల ముందే ఫోన్ చేయడం మొదలుపెట్టాను.

ఆ మూడు రోజుల్లో ఇళ్లల్లో ఏం జరిగేదో తర్వాత తెలిసింది. అన్నం బందు. జొన్నరొట్టె, కాకరకాయ రసం, పొద్దున మెంతులు, సాయంత్రం నడక. మానేసిన మాత్రలు డబ్బాలోంచి బయటికొచ్చేవి. నాలుగో రోజు నేను వెళ్లి రక్తం తీసుకుని గేటు దాటే లోపల పొయ్యి మీద పూరీలు.

రిపోర్టులు బాగా రావడం మొదలైంది. నరేందర్ తీస్తే షుగర్ తక్కువొస్తదని పేరు పడింది. ఫోన్ చేసి నన్నే పంపమని అడిగేవాళ్లు. ఎవరైనా పక్కనుండి చూస్తే ఇది చేతి మహిమ కాదని అరగంటలో కనిపెట్టేవారు. నేను పక్కన లేను, లోపలే ఉన్నాను. నమ్మేశాను. రిపోర్టిచ్చేటప్పుడు, "పాసైనవ్ బాపు" అనేవాణ్ణి. ఎక్కువొస్తే ముఖం మాడ్చేవాణ్ణి, అదేదో నా సొంత మార్కులైనట్టు.

ఖాదర్ భాయ్ ఒక రోజు నా కాగితాలు తిరగేసి, "నీ సంచిల పేషెంట్లు లేరురా, అందరు దేవతలే ఉన్నరు" అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఒకటుంటుంది. మూడు రోజుల పథ్యం దాని ముందు చెల్లదు. చేవెళ్లలో బాపును చూసే డాక్టర్ సుజాతమ్మ చీటీ మీద అది కూడా రాసేది. "గడిచిపోయిన మూడు నెలల ముచ్చట ఇప్పుడెందుకు" అని బాపు ప్రతిసారీ దాన్ని దాటేసేవాడు. నేను ఒక్కసారి గట్టిగా చెప్పి ఉంటే చేయించుకునేవాడు. ఆ రోజుల్లో నాకు మంచి పేరు మీద మోజు. చెప్పలేదు.

మొక్కు

ఒక వేసవిలో బాపు చిల్కూరు గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి, ఈసారి షుగర్ అదుపులోకి వస్తే నూట ఎనిమిది చేస్తానని మొక్కుకున్నాడు. నేను అలవాటు ప్రకారం మూడు రోజుల ముందు ఫోన్ చేశాను. ఆయన అలవాటు ప్రకారం పథ్యం చేశాడు. రిపోర్టు అదుపులోనే వచ్చింది. దాన్ని చూసి సుజాతమ్మ మందు కొంచెం తగ్గించింది. బాపు ల్యాబుకు మిఠాయి డబ్బా తెచ్చి నా నోట్లో ఒకటి పెట్టి, తన నోట్లో ఒకటి వేసుకున్నాడు.

మొక్కు తీర్చడానికి శనివారం మధ్యాహ్నం బయల్దేరాడు. పొద్దున పార్టీకి ప్లాటు చూపించాల్సి వచ్చి ఆలస్యమైంది. జనం ఎక్కువుండి కారు దూరంగా ఆపాల్సి వచ్చింది. కొత్త తోలు చెప్పులు పోతాయని కారులోనే వదిలేశాడు. నడి ఎండలో తారు రోడ్డు మీద వట్టి కాళ్లతో నడిచి గుడికి వెళ్లి, ప్రదక్షిణలు లెక్కపెట్టే కార్డు మీద టిక్కులు పెట్టుకుంటూ నూట ఎనిమిదీ పూర్తి చేసి, మళ్లీ అదే తారు మీద తిరిగొచ్చాడు.

రెండు రోజుల తర్వాత నాకు చౌరస్తాలో కనబడి సంతోషంగా చెప్పాడు. "అందరు ఎగురుకుంట ఉరుకుతున్నరు నరేందర్. నాకు జరంత గూడ కాలలే. అంతా దేవుని దయ."

మీరు ఈ పనిలోకి వస్తున్నారు గనుక ఈ మాట గుర్తుపెట్టుకోండి. షుగర్ మనిషి, ఎండాకాలం, తారు రోడ్డు, కాలు కాలలేదన్నాడంటే అది దయ కాదు. పాదంలో నరాలు మొద్దుబారాయని అర్థం. ఆ సంగతి మా ల్యాబ్ గోడ మీదే బొమ్మతో సహా అంటించి ఉండేది. ఆ కాగితం అంటించింది కూడా నేనే. అయినా, "మంచిది బాపు" అని వచ్చేశాను. షుగర్ అదుపులో ఉందిగా అనుకున్నాను. ఎలా తెలుసంటే, నా రిపోర్టులో ఉంది.

ఇంకో రెండు రోజులకు పక్క మీద తడి మరక చూసి లక్ష్మమ్మ కాలు ఎత్తి చూసింది. అరికాలి నిండా చిట్లిన బొబ్బలు. పసుపు పెట్టింది. ఆయన మేజోళ్లు తొడుక్కుని ప్లాటు చూపించడానికి పోయాడు. తర్వాత సుజాతమ్మ దగ్గరికి తీసుకెళ్తే, ఫైలులో ఉన్న షుగర్ చూసి, కాలిన పుండే, మానుతుందని మందు రాసింది. మానలేదు. వేళ్లు నల్లబడ్డాయి. అప్పుడామె మూడు నెలల పరీక్ష ఇప్పుడే చేయాలంది. రక్తం తీయడానికి వెళ్లింది నేనే.

ఫైలు

ఆ అంకె చాలా ఎక్కువొచ్చింది. సుజాతమ్మ ఆ కాగితం పక్కన పెట్టింది. ఫైలులోని పాత రిపోర్టులన్నీ బల్ల మీద వరసగా పరిచింది. అన్నీ చక్కగా ఉన్నాయి. పెళ్లిచూపుల ఫోటోల్లా ఉన్నాయి.

"ఇవన్ని ఎవరు తీసిండ్రు?"

"నేనే, మేడమ్."

మూడు రోజుల ఫోన్ల సంగతి చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"వీటిని చూసే నేను మందు తగ్గించిన నరేందర్" అంది. అంతే.

కుడికాలి రెండు వేళ్లు తీసేశారు. పాదం ఉంటుందా పోతుందా అన్నది గాయం మానడాన్ని బట్టి, గాయం మానడం షుగర్‌ను బట్టి. మందు ఎంత వేయాలో తెలియాలంటే నిజంగా ఎంత ఉందో తెలియాలి. ఆ తెలుసుకోవడమే నా పని అని నాకు పదకొండేళ్ల సర్వీసులో తొమ్మిదో ఏట తెలిసింది.

బాపు ఇంటికి వెళ్లి నా వల్లే ఇలా జరిగిందని చెప్పాను. దారి పొడుగునా వాక్యాలు తయారు చేసుకుని వెళ్లాను. మొదటిది సగంలో ఉండగానే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వు ఫోన్ చేసినవ్, నేను అన్నం బందు వెట్టిన. ఇద్దరం కలిసి మోసం చేద్దామని చూసినం." కట్టు కట్టిన కాలు వైపు చూశాడు. "గిదొక్కటి మోసపోలే."

చెప్పకుండా వెళ్లడం

అప్పటినుంచి వారానికోసారి చెప్పకుండా వెళ్లాను. చెప్పకుండా అని నేననుకున్నాను. మొయినాబాద్‌లో నేను బండి స్టార్ట్ చేయగానే షేర్ ఆటోవాళ్లు హిమాయత్‌నగర్‌కు ఫోన్ కొట్టేవాళ్లు. నర్సింలు బాపు ఊరికి కావలసినవాడు, ఆయన మీద రెయిడింగు పడుతుంటే చూస్తూ ఊరుకుంటారా? నేను చేరేసరికి లక్ష్మమ్మ వాకిట్లో నిలబడి కాకరకాయలు తరుగుతూ ఉండేది. ఒకసారి ఆమె చెంగు కింద గిన్నె ఒకటి కనబడింది. నేను చూశాను. నేను చూడటం ఆమె చూసింది. ఇద్దరం వానల గురించి మాట్లాడుకున్నాం.

వారంలో ఏ రోజు వస్తానో కూడా వాళ్లు పట్టేశారు, పథ్యం రెండు రోజుల ముందే మొదలయ్యేది. మూడు వారాలు అంకెలు మళ్లీ బాగానే వచ్చాయి. గాయం మాత్రం మూసుకోలేదు. నాలుగో వారం సుజాతమ్మ కట్టు విప్పి చూసి, గాయం ఒక మాట చెప్తోంది, కాగితం ఇంకో మాట చెప్తోంది, ఇంకో పది రోజులు చూసి అప్పటికీ ఇట్లే ఉంటే, అని ఆగింది.

"మడిమ దాకా తీసేస్తరా?" అని బాపే అడిగాడు. ఆమె అవునని తలూపింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో వెనక నేను, ఆయన కూర్చున్నాం. ఇంతా అయ్యాక కూడా ఎందుకు దాస్తున్నావు, నేను పోలీసునా అని అడిగాను. కిటికీలోంచి రోడ్డు పక్కన హద్దురాళ్ల వైపు చూశాడు. అవన్నీ ఆయన అమ్మిపెట్టిన ప్లాట్లే.

"ఎక్కువొస్తే ఇంట్ల ఆమె రెండు రోజులు మాట్లాడది. బిడ్డలు ఫోన్ చేసి తిడ్తరు. డాక్టరమ్మ తిడ్తది. నువ్వైతే తిట్టవు గని, ముఖం గిట్ల వెడ్తవ్." నా ముఖం పెట్టి చూపించాడు. బాగా కుదిరింది, దాంతో నాకింకా బాధ కలిగింది. "యాభై ఎనిమిదేండ్లొచ్చినంక పరీక్షల ఫెయిలైన పోరని లెక్క ఎట్ల నిలవడాలె బిడ్డ?"

పదకొండేళ్లలో నాకెవరైనా పాఠం చెప్పారంటే అది ఇదే. మనం రక్తం తీసుకుని మార్కులిస్తున్నాం. మార్కులిచ్చే చోట కాపీ కొడతారు, అది మనిషి స్వభావం. షుగర్ వచ్చినవాళ్లకు తిండి గురించి తెలియదనుకుని ఉపన్యాసాలిస్తాం. వాళ్లకు మనకంటే ఎక్కువే తెలుసు. తెలిసి కూడా ఒకరోజు తప్పు తినక తప్పని బతుకు వాళ్లది. చాయ్ వద్దంటే పని పోతుంది, దావత్‌లో వద్దంటే చుట్టరికం పోతుంది. తిన్న తర్వాత ఆ మాట ఎవరికైనా చెప్పుకునే వీలైనా ఉండాలి కదా.

ఆ సాయంత్రం వాళ్లింట్లో కూర్చుని ముగ్గురం మాట్లాడుకున్నాం. ఇక నుంచి నేను పాసు, ఫెయిలు అనను. ముఖం ఏ రకంగానూ పెట్టను. లక్ష్మమ్మ అంకె విన్న రోజు ఏమీ అనదు. ఆమె దీనికి ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. "మరి ఎన్నడనాలె?" అని అడిగింది. మర్నాడు అనొచ్చని కుదిరింది.

ఆరో రోజు పొద్దున నాకు ఫోనొచ్చింది. అంకె ఎక్కువొస్తుందని తెలిసి కూడా ఒక షుగర్ మనిషి తనంతట తాను నన్ను రమ్మని పిలవడం పదకొండేళ్లలో అదే మొదటిసారి.

"నరేందర్, ఇయ్యాల రా. నిన్న మా తమ్ముని బిడ్డ లగ్గం. బగారన్నం తిన్న. డబుల్ కా మీఠా రెండుసార్లు ఏయించుకున్న. మాత్ర మర్చిపోయిన. ఇప్పుడు చూస్తేనే అసలు సంగతి తెలుస్తది."

వెళ్లాను. లక్ష్మమ్మ గడపలో కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తోంది. పెదాలు బిగించుకుంది. ఆ రోజు ఆ ఇంట్లో అందరికంటే కఠినమైన పథ్యం ఆమెదే. వేలి చుక్కతో ముందు మీటరులో చూశాను. అంత అంకె ఆ ఏడాది మొత్తం నేను చూడలేదు. ముఖం కదలకుండా చదివి వినిపించాను. నా వృత్తి జీవితంలో కష్టమైన పని ఏదని ఎవరైనా అడిగితే, నరం దొరకడం కాదు, అదీ.

బాపు ఆ అంకెను తనలో తాను ఒకసారి అనుకున్నాడు, ప్లాటు గజాలు గుర్తుపెట్టుకున్నట్టు.

"ఎక్కువే ఉన్నది గదా."

"ఎక్కువే బాపు."

"సరే. నాదే గదా" అని, ల్యాబులో చేసే పెద్ద పరీక్షకు రెండో చెయ్యి చాపాడు.

ఆ రిపోర్టు, దాంతోపాటు దావత్ వివరాలు, మరిచిపోయిన మాత్ర, రోజూ తాగే చాయ్‌ల లెక్క, అన్నీ ఆయనే సుజాతమ్మకు చెప్పాడు. ఆమె పాత చీటీ చింపేసి ఇన్సులిన్ రాసింది. చాయ్ పూర్తిగా మానమనలేదు, రోజుకెన్నో ఆయన్నే చెప్పమని అడిగింది. ఆయన ఆ రోజు బేరం బాగానే ఆడాడు. పది రోజుల గడువు ఇరవైకి జరిగింది. గాయం అంచుల నుంచి ఎరుపెక్కి లోపలికి మూసుకుంటూ వచ్చింది. చలికాలం నాటికి కట్టు పోయింది. పాదం ఉంది. మూడు వేళ్లతో, మెత్తటి బూటు వేసుకుని, కుంటుకుంటూ ప్లాట్లు చూపిస్తాడు. ఇప్పుడు కారు దిగుతాడు. దిగకపోతే లక్ష్మమ్మ మర్నాడు అంటుంది.

ల్యాబ్ మూసేస్తున్నామని చెప్పడానికి వెళ్లినప్పుడు బాపు నా ఉద్యోగం పోయినందుకు పెద్దగా బాధపడలేదు. కాసేపు ఆలోచించి, "మరి దావత్ తిన్న తెల్లారి ఎవరికి చెప్పాలె?" అని అడిగాడు.

హిమాయత్‌నగర్ రూటు మీలో ఎవరికి వస్తే వాళ్లకు ఆయన ఫోన్ చేస్తాడు. పెళ్లిళ్ల సీజన్‌లో ఎక్కువ చేస్తాడు. వెళ్లండి. సూది తీసే ముందు, ఏం తిన్నాడో మొత్తం చెప్పనివ్వండి. బగారన్నం దగ్గర మొదలుపెడతాడు, కొంచెం టైమ్ పడుతుంది.